నాలుగంగుళాల పైపుతో చంద్రుణ్ణి కొలవడం: ప్రాజెక్టు డైరీ

విశాఖలో ఒక చిన్న జెట్టీకి పీవీసీ పైపు కట్టి, సముద్ర మట్టాన్ని ఆరు నిమిషాలకోసారి రికార్డు చేసి, ఆ పోటుపాట్లలో చంద్రుడి వాటా ఎంత, సూర్యుడి వాటా ఎంత అని విడదీయడం ఈ పని. కాకినాడలోనో మచిలీపట్నంలోనో ఎవరైనా ఇదే చేయాలనుకుంటే పనికొస్తుందని రాస్తున్నాను. సరిగా పనిచేసిన వాటి గురించి తక్కువే ఉంటుంది, చెడిపోయిన వాటి గురించే ఎక్కువ.

ముందుగా తెలియాల్సింది ఇంతే. చంద్రుడి వల్ల వచ్చే ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య 12 గంటల 25 నిమిషాలు. సూర్యుడి వల్ల వచ్చేదానికి సరిగ్గా 12 గంటలు. లెక్కల్లో మొదటిదాన్ని ఎం2 అని, రెండోదాన్ని ఎస్2 అని అంటారు. రెండూ కలిసిన రోజుల్లో, అంటే అమావాస్య, పౌర్ణమి చుట్టూ, పెద్ద పోట్లు. అష్టమి చుట్టూ రెండూ ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి కాబట్టి చిన్నవి. ఈ రెండు గడియారాలూ పూర్తిగా ఒక చుట్టు ఎడబడి మళ్ళీ కలవడానికి 14.77 రోజులు పడుతుంది, అందుకే రెండు వారాల కన్నా తక్కువ రికార్డుతో ఈ ప్రాజెక్టు మొదలుపెట్టడమే దండగ.

దశ 1: చోటు

మొదట భీమిలి దగ్గర గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట పెట్టాం. అలలు తక్కువ, కట్టడానికి పాత కాంక్రీటు స్తంభం ఉంది, కానీ డేటా గీసి చూస్తే పోటు శిఖరాలు గుండ్రంగా బాగానే ఉన్నాయి, పాటు అడుగులు మాత్రం చదునుగా వచ్చాయి. నీళ్ళు కొంత దిగాక ఇసుక మేట అడ్డం పడి, లోపలి నీరు సముద్రంతో సంబంధం తెగిపోయి నెమ్మదిగా కారుతోంది. అలాంటి చోట ఎన్ని నెలలు కొలిచినా అది సముద్రం కొలత కాదు, గుంట కొలత.

మార్పు: అనుమతి తీసుకుని నగరంలోపలే ఒక జెట్టీకి మారాం. జెట్టీ స్తంభానికి సెంటీమీటర్ గీతలు గీసిన కొలత బద్ద ఒకటి బిగించాం. ఎలక్ట్రానిక్స్ ఏం చెప్పినా చివరికి కంటితో చూసి సరిపోల్చుకోవడానికి ఇదొక్కటే ఆధారం, దయచేసి దీన్ని దాటవేయకండి.

ఇప్పటిదాకా ఖర్చు: ₹240 (బద్ద, రంగు). పనికొచ్చే డేటా: సున్నా.

దశ 2: పైపు

పైపు ఎందుకంటే, అలలు లోపలికి రాకుండా, మట్టం మాత్రం లోపలికి వచ్చేలా. కింద మూత, మూతలో చిన్న రంధ్రం, పైన శబ్దం పంపి దాని ప్రతిధ్వనితో నీటిదాకా దూరం కొలిచే సెన్సర్. చెప్పడానికి ఇంతే.

అడుగు తెరిచి ఉంచిన పైపుతో రీడింగులు ఒకదానికొకటి 30 సెం.మీ. దాకా ఎగిరాయి. మూత పెట్టి 5 మి.మీ. రంధ్రం వేస్తే గీత చక్కగా నున్నగా వచ్చింది, కొన్నాళ్ళు. ఆ తర్వాత పైపులో పోటు బయటికన్నా ఆలస్యంగా రావడం మొదలైంది. దీన్ని పట్టుకోవడానికి మంచి పద్ధతి ఒకటుంది, వాన్ డి కాస్టీల్ పరీక్ష అంటారు:

1. ఒక పూర్తి పోటు, ఒక పూర్తి పాటు అయ్యేదాకా జెట్టీ మీదే కూర్చుని పది నిమిషాలకోసారి బద్ద చదవండి.
2. ప్రతిసారీ బద్ద రీడింగ్‌లోంచి పైపు రీడింగ్ తీసేయండి. అది తేడా.
3. అడ్డంగా తేడా, నిలువుగా నీటి మట్టం పెట్టి చుక్కలు కలపండి.
4. నిలువు గీత వస్తే పైపు బాగున్నట్టు. ఉచ్చులాగా చుట్టు తిరిగితే నీరు లోపలికీ బయటికీ ఆలస్యంగా పోతున్నట్టు. గీత వాలితే కొలత స్కేలులో తప్పున్నట్టు.

మాకు ఉచ్చు వచ్చింది, దాని వెడల్పు నీరు వేగంగా కదిలే సమయంలో 15 సెం.మీ. దగ్గర. లెక్క కడితే శుభ్రంగా ఉన్న 5 మి.మీ. రంధ్రానికి తేడా ఒక మిల్లీమీటరు కూడా రాకూడదు. మూత విప్పి చూస్తే గుల్లలు పట్టి రంధ్రం గుండుసూది మొన అంత మిగిలింది.

మార్పు: ఏసీ మెకానిక్ దగ్గర పారేసిన అర అంగుళం రాగి గొట్టం ముక్క తెచ్చి, మూతలో దిగగొట్టి, లోపలి రంధ్రాన్నే దారిగా వదిలాం. రాగి మీద గుల్లలు పట్టడం కష్టం. రంధ్రం పెద్దదైంది కాబట్టి అలల ఊపు రెండు మూడు సెంటీమీటర్లు లోపలికి వస్తుంది, దాన్ని సాఫ్ట్‌వేర్‌లో తీసేయొచ్చు.

రెండో గొడవ ఇంకా చిరాకు పెట్టింది. పది అడుగుల పైపులు రెండు కప్లింగ్‌తో కలిపితే, మళ్ళీ పాటు అడుగులు చదును! భీమిలి గుర్తొచ్చి చోటే బాగాలేదేమో అనుకునే ప్రమాదం ఉంది. తేడా ఇలా పట్టుకోవచ్చు: ఇసుక మేట వల్ల వచ్చే చదునులో నీరు నెమ్మదిగా దిగుతూనే ఉంటుంది, ఇక్కడేమో మిల్లీమీటరు కూడా కదలకుండా సెన్సర్ నుంచి 3 మీటర్ల దగ్గర ఆగిపోయింది. ఆ 3 మీటర్లు సరిగ్గా అతుకు ఉన్న చోటు. శబ్దం నీటిదాకా వెళ్ళకుండా అతుకు సందులోంచే తిరిగొస్తోంది. అతుకు లేని 20 అడుగుల పైపు ఒకటే కొని, పైన మిగిలింది కోసేశాం. అడుగు మాత్రం అతి తక్కువ పాటు కన్నా 80 సెం.మీ. కిందికి ఉండాలి.

ఖర్చు: పాత పైపులు, కప్లింగ్ ₹1,520, స్టీలు క్లాంపులు, బోల్టులు ₹1,180, కొత్త పైపు ₹1,580. మొత్తం ₹4,520.

దశ 3: ఎలక్ట్రానిక్స్

ఇక్కడ పెద్ద కథ లేదు. హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సర్ ఉప్పు గాలికి త్వరగా తుప్పు పట్టి పోయింది, దాని బదులు వాటర్‌ప్రూఫ్ జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ వాడాం. సెన్సర్‌ను నడిపి రీడింగులు రాసే చిన్న కంప్యూటర్ బోర్డు ఈఎస్‌పీ32. జంపర్ వైర్లు వాడొద్దు, వాటి మొనలు పచ్చగా మారిపోతాయి. అన్నీ సోల్డర్ చేసి, పైన నెయిల్ పాలిష్ రెండు పూతలు వేయండి.

గడియారం గురించి ఒక్క మాట. బోర్డులో ఉండే గడియారం నిద్ర మోడ్‌లో రోజుకు నిమిషాల లెక్కన జారుతుంది. 12 గంటలకీ 12 గంటల 25 నిమిషాలకీ తేడా పట్టుకోవాలనుకునేవాడికి అది అస్సలు కుదరదు, డీఎస్3231 అనే విడి గడియారం మాడ్యూల్ తప్పనిసరి. ఫైలులో సమయం ఐఎస్‌టీనా యూటీసీనా అన్నది మొదటి రోజే తేల్చుకోండి. ఐదున్నర గంటల తేడా అంటే ఎం2 లెక్కలో, ఒక చుట్టు 360 డిగ్రీలనుకుంటే, 159 డిగ్రీలు.

రీడింగ్ తీసే క్రమం:

1. ఆరు నిమిషాలకోసారి బోర్డు లేస్తుంది.
2. సెకనుకొకటి చొప్పున 60 రీడింగులు.
3. వరుసలో పెట్టి మధ్యది తీసుకోవాలి. సగటు వద్దు, ఒక్క తప్పుడు ప్రతిధ్వని సగటును పాడుచేస్తుంది.
4. ఎస్‌డీ కార్డులో రాసి మళ్ళీ నిద్ర.

ఖర్చు: ₹2,730, పోయిన సెన్సర్ ₹90. మొత్తం ₹7,340.

దశ 4: ఎండ

అసలు సమయమంతా తిన్నది ఇది.

శబ్దం వేగం గాలి ఉష్ణోగ్రతతో మారుతుంది: సెకనుకు 331.3 + 0.606 × డిగ్రీలు, మీటర్లలో. పైపు లోపల తెల్లవారుజామున 24 డిగ్రీలు, మధ్యాహ్నం రెండింటికి 41 డిగ్రీలు ఉంటోంది. వేగం 345.8 నుంచి 356.1 కి పెరుగుతుంది, దాదాపు 3 శాతం. నీరు 3 మీటర్ల దూరంలో ఉంటే 9 సెం.మీ. తప్పు. వేడెక్కితే ప్రతిధ్వని త్వరగా వస్తుంది కాబట్టి ప్రతి మధ్యాహ్నం సముద్రం 9 సెం.మీ. లేచినట్టు కనిపిస్తుంది.

ఏదో చిన్న తప్పులే అనిపించొచ్చు. కానీ ఈ తప్పు గాలివాటంగా వచ్చేది కాదు, సరిగ్గా 24 గంటలకోసారి వచ్చేది. పోటుపాట్లలో రోజుకొకసారి వచ్చే భాగం నిజంగానే ఉంది, దాన్ని కె1 అంటారు, కాలం 23.93 గంటలు. నెల రోజుల రికార్డులో 24.00 కీ 23.93 కీ తేడా తేలదు, రెండూ ఒకే గంపలో పడతాయి. మాకు కె1 మొదట 17 సెం.మీ. వచ్చింది. బంగాళాఖాతం ఈ ఒడ్డున అంత ఉండదు. అందులో మూడో వంతు దాకా సముద్రం కాదు, ఎండ.

పైన ఒక ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టి సవరిస్తే ఈసారి తప్పు తిరగబడింది. పైపు పైభాగం ఎండకు కాగుతుంది, కింద నీటి దగ్గర చల్లగా ఉంటుంది. పై ఉష్ణోగ్రతనే మొత్తానికి వాడితే సవరణ ఎక్కువైపోతుంది, మధ్యాహ్నం సముద్రం దిగినట్టు కనిపించింది.

మార్పులు, ఏ క్రమంలో చేశామో అదే క్రమంలో:

1. పైపుకు తెల్ల రంగు. లోపలి గరిష్ఠం 41 నుంచి 36 కి దిగింది.
2. పైన మూత కింద నాలుగు గాలి రంధ్రాలు.
3. డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్లు మూడు, పైన, మధ్యలో, పెద్ద పోటు మట్టానికి కాస్త పైన. మూడూ ఒకే వైరు మీద నడుస్తాయి, 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ ఒకటి చాలు.
4. మూడింటి సగటుతో వేగం లెక్క.

కె1 11 సెం.మీ. దగ్గర నిలబడింది. బద్దతో సరిపోల్చితే మిగిలిన తేడా ఏ వేళ చూసినా 2 సెం.మీ. లోపు. ఇక్కడికొచ్చాకే డేటాను లెక్కలోకి తీసుకున్నాం, అంతకు ముందుదంతా తీసి పక్కన పెట్టేశాం.

ఖర్చు: ₹570. మొత్తం ₹7,910.

దశ 5: విడదీయడం

పైథాన్‌లో యూటైడ్ అనే ఉచిత ప్యాకేజీ ఉంది, కానీ మొదటిసారి చేతితో రాసుకుంటే అర్థమవుతుంది: ప్రతి కాలానికీ ఒక సైన్, ఒక కొసైన్ తీసుకుని, అన్నీ కలిపితే మన రికార్డుకు అతి దగ్గరగా వచ్చే అంకెలు కనుక్కోవడం. ముందు సగటు మట్టం జారుడు తీసేయాలి. బంగాళాఖాతంలో సగటు మట్టం కాలాన్ని బట్టి చాలా మారుతుంది, పైగా వాయుగుండం వచ్చి గాలి పీడనం 10 మిల్లీబార్లు పడితే నీరు ఇంచుమించు 10 సెం.మీ. లేస్తుంది.

నెలకు పైగా రికార్డు నుంచి వచ్చినవి (సగటు మట్టం నుంచి శిఖరందాకా):

- ఎం2 (చంద్రుడు): 47 సెం.మీ.
- ఎస్2 (సూర్యుడు): 20 సెం.మీ.
- ఎన్2 (చంద్రుడి దూరం మారడం వల్ల): 10 సెం.మీ.
- కె1: 11 సెం.మీ., ఓ1 (చంద్రుడి వల్లే రోజుకొకసారి వచ్చే ఇంకో భాగం): 4 సెం.మీ.

సూర్యుడి వాటా చంద్రుడి దాంట్లో 0.43 వంతు. సిద్ధాంతం ప్రకారం పోటు పుట్టించే బలంలో సూర్యుడిది 0.46 వంతు. సముద్రపు లోతు, ఒడ్డు ఆకారం ఒక్కో కాలాన్ని ఒక్కోలా పెంచుతాయి, తగ్గిస్తాయి కాబట్టి ఇంత దగ్గరగా రావడంలో కొంత మన తీరం అదృష్టం కూడా ఉంది. ఇంకో జాగ్రత్త: నెల రికార్డులో కె2 అనే చిన్న భాగం ఎస్2 లోనే కలిసి ఉంటుంది, విడిపోవాలంటే ఆరు నెలలు కావాలి.

పోటు వేళ చూడండి. పౌర్ణమి అర్ధరాత్రి చంద్రుడు నడినెత్తిన ఉంటాడు, మా జెట్టీలో పోటు మాత్రం ఉదయం తొమ్మిది ప్రాంతంలో, మళ్ళీ రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో. చంద్రుడి కింద నీళ్ళు ఉబ్బి నిలబడతాయని బడి పుస్తకాల్లో వేసే బొమ్మ ఒడ్డున నిలబడదు. ఖండాలు అడ్డం, లోతు చాలదు, కాబట్టి పోటు అలగా తిరుగుతూ ఒక్కో రేవుకు ఒక్కో వేళ చేరుతుంది. ఈ ఆలస్యం చూసి "భూమి మీద ఒరిపిడి ఇంత" అని లెక్కకట్టిన వాళ్ళను చూశాను, దానికీ దీనికీ సంబంధం లేదు, ఇది రేవు లెక్క.

అతి పెద్ద పోటు కూడా పౌర్ణమి నాడు రాలేదు, ఒకటిన్నర రోజు తర్వాత వచ్చింది. రికార్డులో గడియారం తప్పేమోనని వెతుకుతుంటే, పక్కనే వల బాగుచేసుకుంటున్న పెద్దాయన "ఏటి బాబూ, గొట్టం సెడిపోనాదేటి?" అన్నాడు. "లేదు తాతా, పున్నమి నాటి కన్నా మర్నాడు ఎక్కువ చూపిస్తోంది" అంటే, "పున్నం నాడెక్కడొస్తాది? పున్నం ఎల్లినాక సూడాల" అని మళ్ళీ వల పనిలో పడ్డాడు. గడియారం వెతకడం ఆపేశాను.

దశ 6: చంద్రుడి దూరం, కెమెరాతో

ఎన్2 ని సరిచూసుకోవడానికి. చంద్రుడు భూమికి ఒకసారి 3,63,000 కి.మీ. దగ్గరికి వస్తాడు, ఒకసారి 4,05,000 కి.మీ. దూరం వెళతాడు (సగటున, నెల నెలకూ మారుతుంది). జూమ్ ఉన్న కెమెరా, ట్రైపాడ్ చాలు.

1. ఫోకల్ లెంగ్త్ టేపు వేసి బిగించండి, ఎప్పుడూ అదే.
2. ఎక్స్‌పోజర్ మాన్యువల్. వెలుగు ఎక్కువైతే అంచు ఉబ్బి వ్యాసం పెరుగుతుంది.
3. పౌర్ణమి దాకా ఆగనక్కర్లేదు. కొమ్ముల మొన నుంచి మొనకు కొలిస్తే ఏ తిథిలోనైనా పూర్తి వ్యాసమే వస్తుంది.
4. చంద్రుడు పైకెక్కాకే తీయండి. దిగంతం దగ్గర గాలి వంపు వల్ల నిలువున నొక్కుకుపోతాడు.

పెద్దగా కనిపించే ఉదయించే చంద్రుడు నిజానికి కాస్త చిన్నవాడు. నడినెత్తిన ఉన్నప్పటికన్నా మనకు అప్పుడు దాదాపు భూమి వ్యాసార్థమంత ఎక్కువ దూరం, 6,400 కి.మీ.

మాకు దగ్గర్లో 1,010 పిక్సెళ్ళు, దూరంలో 905. నిష్పత్తి 1.116. పోటు బలం దూరం ఘనానికి విలోమంగా మారుతుంది, 1.116 ఘనం 1.39. అంటే చంద్రుడి పోటు బలం నెలలోనే దాదాపు 40 శాతం ఊగుతుంది, మధ్య విలువకు అటూ ఇటూ 16 శాతం చొప్పున. పైపు చెప్పిన ఎన్2, ఎం2 ల నిష్పత్తి 10/47, అంటే 0.21, సరిగ్గా అదే కాకపోయినా దగ్గర్లోనే. ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన అంకె ఇదే. కెమెరాకు సముద్రం తెలియదు, పైపుకు ఆకాశం తెలియదు.

ఖర్చు: సున్నా. మొత్తం ₹7,910.

దశ 7: వెనక్కి నడిపించడం

పోటుపాట్లలో నీరు ఖండాలతో, సముద్రపు అడుగుతో ఒరుసుకుంటుంది. భూమి తన చుట్టూ తాను వేగంగా తిరుగుతుంది కాబట్టి నీటి ఉబ్బు, భూగోళం మొత్తం మీద చూస్తే, చంద్రుడి కన్నా కాస్త ముందుకు లాగబడి ఉంటుంది. ఆ ఉబ్బు చంద్రుణ్ణి ముందుకు గుంజుతుంది, చంద్రుడు మెల్లగా పైకి, దూరంగా జరుగుతాడు, భూమి రోజు పొడవవుతుంది. 1969లో అపోలో 11 వాళ్ళు పెట్టిన అద్దాల మీదికి, తర్వాత పెట్టిన మిగతా వాటి మీదికి లేజర్ కొట్టి కొలుస్తున్నారు: ఏడాదికి 3.8 సెం.మీ.

దీన్ని వెనక్కి నడిపితే చంద్రుడు భూమిని ఎప్పుడు తాకుతాడు? నేరుగా భాగిస్తే 3,84,400 కి.మీ. బై 3.8 సెం.మీ., 1,010 కోట్ల ఏళ్ళు. ఈ లెక్క తప్పు, దగ్గరవుతున్నకొద్దీ వేగం విపరీతంగా పెరగాలి. స్ప్రెడ్‌షీట్‌లో ఇలా:

1. మొదటి గడిలో దూరం 3,84,400.
2. పక్క గడిలో వేగం = 3.8 × (3,84,400 ÷ దూరం), ఆ కుండలీకరణానికి 5.5 ఘాతం.
3. కింది గడిలో దూరం = పాత దూరం − వేగం × అడుగు. యూనిట్లు సరిచూసుకోండి, వేగం సెంటీమీటర్లలో ఉంది.

కోటి ఏళ్ళ అడుగు పెడితే చంద్రుడు దగ్గరకొచ్చాక దూరం ఒక్కసారిగా మైనస్‌లోకి దూకుతుంది. సగం దూరంలో ఉండగానే వేగం 45 రెట్లు, అంటే ఏడాదికి 1.7 మీటర్లు. దూరాన్ని బట్టి అడుగు తగ్గించుకుంటూ పోయి, 60,000 కి.మీ. దగ్గర ఆపేయండి, ఆ తర్వాత మిగిలేది పదివేల ఏళ్ళ లోపే.

జవాబు: సుమారు 155 కోట్ల ఏళ్ళు. (కాగితం మీదైతే 1,010 ని 2/13 తో గుణిస్తే చాలు.)

స్ప్రెడ్‌షీట్‌లో తప్పేం లేదు. కానీ అపోలో తెచ్చిన 382 కిలోల రాళ్ళలో 400 కోట్ల ఏళ్ళు దాటినవి ఉన్నాయి, చంద్రుడు పుట్టి దాదాపు 450 కోట్ల ఏళ్ళు. 155 కీ 450 కీ పొసగాలంటే మార్చాల్సింది ఒక్కటే, ఒరిపిడి. ఇప్పటి 3.8 సెం.మీ. మామూలు వేగం కాదు. ఇప్పటి సముద్రాల వెడల్పు, లోతు 12 గంటల ఊపుకు బాగా అనువుగా కుదిరాయి కాబట్టి ఇప్పుడు ఒరిపిడి ఎక్కువ. ఖండాలు వేరేగా ఉన్న కాలాల్లో సగటున ఇప్పటిదాంట్లో మూడో వంతు ఉంటే లెక్క సరిపోతుంది. సరిచూసుకోవడానికి ఇంకో ఆధారం: 1963లో శిలాజాలు చదివే శాస్త్రవేత్త జాన్ వెల్స్ డెవోనియన్ కాలపు (దాదాపు 40 కోట్ల ఏళ్ళ కిందటి) పగడాల మీద రోజువారీ పెరుగుదల గీతలు లెక్కపెడితే ఏడాదికి సుమారు 400 వచ్చాయి. ఏడాది పొడవు మారలేదు కాబట్టి అప్పటి రోజు దాదాపు 22 గంటలు.

వెనక్కి నడిపితే చంద్రుడు భూమి దగ్గరికి వస్తాడు కదా, మరి భూమిలోంచే ఊడిపడ్డాడేమో అని ఈ పోట్ల లెక్కలతోనే 1879లో జార్జ్ డార్విన్ అన్నాడు, చార్లెస్ డార్విన్ కొడుకు. ఆ గాయమే పసిఫిక్ సముద్రం అని భూగర్భ శాస్త్రవేత్త ఆస్మండ్ ఫిషర్ తగిలించాడు. పసిఫిక్ అడుగు వయసు 20 కోట్ల ఏళ్ళ లోపే కాబట్టి అది నిలబడలేదు, ముక్క ఊడిపడేంత వేగంగా భూమి తిరిగిందనడానికీ ఆధారం లేదు. ఎక్కడినుంచో వచ్చి చిక్కుకున్నాడనుకుంటే, చంద్రశిలల్లో ఆక్సిజన్ ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) పాళ్ళు భూమివాటితో దాదాపు ఒకేలా ఎందుకున్నాయో చెప్పలేం. 1975లో హార్ట్‌మన్, డేవిస్, మరుసటి ఏడాది కామెరన్, వార్డ్ చెప్పిన మాట ఇప్పటికి ఎక్కువమంది ఒప్పుకునేది: అంగారకుడంత గోళం ఒకటి లేత భూమిని గుద్దింది, ఎగిరిన శకలాలు కూడి చంద్రుడయ్యాయి. చంద్రుడి సాంద్రత 3.34 మాత్రమే, భూమిది 5.51, ఇనుప గర్భం చాలా చిన్నది. ఎగిరింది ఎక్కువగా పై రాతి పొర అయితే ఇది సరిపోతుంది. గుద్దుడు వేడికి చంద్రుడంతా కరిగిన రాతి సముద్రంగా ఉండాలి, అది చల్లారేటప్పుడు తేలిక ఖనిజం పైకి తేలాలి. 2023 ఆగస్టు 23న దిగిన చంద్రయాన్-3 రోవర్ ప్రజ్ఞాన్ దక్షిణాన 23 చోట్ల కొలిచిన మట్టి ఆ తేలిన రాతికే సరిపోయింది. ఐసోటోపుల్లో అంత పోలిక ఎలా వచ్చింది, గుద్దిన గోళం వాటా ఏమైంది అన్న పేచీ మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది.

ఇప్పుడు ఎక్కడ ఉన్నాం

దూరం కొలిచే సెన్సర్ ఒకటి మార్చాల్సి వచ్చింది, ₹380. మొత్తం ఖర్చు ₹8,290. అందులో పాత పైపులు, హెచ్‌సీ-ఎస్‌ఆర్04 తీసేస్తే మీకు ఇంకా తక్కువలో అవుతుంది. కె2 ని విడదీయడానికి రికార్డు కొనసాగుతోంది. మూత మళ్ళీ విప్పి చూశాం, పైపు చుట్టూ గుల్లలు బాగా పట్టాయి, రాగి గొట్టం లోపల పట్టలేదు, అందుకని రంధ్రం సైజు మార్చడం లేదు.